మీటరు ఎవరి పేరున?

(నెల్లూరులో కొన్ని కాలనీ సంఘాల వాళ్ళు ఒక ఆదివారం ఏర్పాటు చేసుకున్న సమావేశంలో, మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒకరు చేసిన ప్రసంగం ఇది. రికార్డింగు విని రాసుకున్నాం. సభలోంచి వచ్చిన మాటలు కొన్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్ళకి వినపడుతోందా? ఫ్యాను శబ్దం ఎక్కువగా ఉంటే ఒకటి ఆపేయండి, ఉక్కపోత మనకి కొత్తేం కాదు.

నన్ను పిలిచినాయన ఫోన్లో ఏమన్నారంటే, "సార్, అమెరికాలో వీధిలో పనులకి కార్పొరేషను వీధివాళ్ళకే డబ్బులిస్తుందంట. మధ్యలో కాంట్రాక్టరు లేడంట. అదేందో, దాన్ని మన నెల్లూరికి ఎట్టా తెచ్చుకోవాలో చెప్పండి" అన్నారు. ఎట్టా తెచ్చుకోవాలి అనేది పెద్ద కష్టమైన ప్రశ్న కాదు. తెచ్చుకున్నాక మనం దాన్ని ఏం చేస్తాం అన్నదే నన్ను రెండు రోజులుగా పట్టుకుంది. నేను ఉద్యోగమంతా ఎం.బుక్కులు రాసి బతికినవాణ్ణి. డబ్బు మాట వినగానే నా చెయ్యి పుస్తకం కోసం వెతుకుతుంది.

ఎం.బుక్కు, అంటే కొలతల పుస్తకం, ఇక్కడ కొందరికి బాగానే తెలిసినట్టుంది. ముందు వరసలో అక్కయ్యలు నవ్వుతున్నారంటే వాళ్ళ ఇళ్ళల్లో కాంట్రాక్టర్లు ఉన్నట్టే. (నవ్వులు) తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కార్పొరేషన్ ఏ పని చేయించినా ఏఈ, అంటే అసిస్టెంటు ఇంజనీరు, టేపు పట్టి కొలిచి ఆ పుస్తకంలో ఎక్కించాలి. పొడవెంత, వెడల్పెంత, మందమెంత. ఆయన పై ఇంజనీరు డీఈ చూసి సంతకం పెట్టాలి. అందులో ఎక్కని పనికి బిల్లు లేదు. మంచి పుస్తకం అది. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను, నా పిల్లలు దాని మీదే చదువుకున్నారు. కాకపోతే అందులో ఒక గడి లేదు. ఆ కాలువ తవ్వింది ఎవరు, ఎన్ని గంటలు తవ్వారు, రేపు పూడిక తీసేది ఎవరు అని రాయడానికి చోటు లేదు. క్యూబిక్ మీటర్లు ఉంటాయి, మనుషులు ఉండరు.

ఇప్పుడు అమెరికా సంగతి. అక్కడ పడమటి తీరాన సియాటిల్ అనే ఊరుంది. మన పిల్లలు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు కాబట్టి పేరు మీకు కొత్త కాదు. ఆ నగరపాలక సంస్థ 1988లో నైబర్‌హుడ్ మ్యాచింగ్ ఫండ్ అని ఒక నిధి పెట్టింది. మన మాటల్లో పేటల జోడింపు నిధి అనుకోండి. ఒక పేటవాళ్ళు కూడబలుక్కుని, మా వీధి చివర ఖాళీ జాగాలో పిల్లలకి ఆటస్థలం చేసుకుంటాం అని అర్జీ పెడతారు. దానికి నగరం ఒక డాలరు ఇస్తే పేట ఇంకో డాలరు జోడించాలి, మొదలుపెట్టినప్పటి లెక్క అది. ఒంటరిగా ఒక మనిషి వెళ్ళి నాకివ్వండి అంటే కుదరదు. ఒక షాపువాడు నా షాపు ముందర బాగు చేసుకుంటా అంటే కుదరదు. రాజకీయ పార్టీ అడగడానికి వీల్లేదు. పేట అడగాలి, చేసిన పని అందరూ వాడుకునేదిగా ఉండాలి.

ఇంతవరకు వింటే మనకి కొత్తగా ఏమీ అనిపించదు. ఈ జిల్లాలో 1997 నుంచి జన్మభూమి చూసినవాళ్ళం, ప్రజల వాటా అనే మాట మనకి కంఠతా వచ్చు. సియాటిల్ వాళ్ళు ఆ వాటాని ఎట్టా లెక్కేశారు అన్నది మాత్రం చెవి పెట్టి వినండి. పేట జోడించే డాలరు నోటుగానే ఉండాలని లేదు. ఒకాయన కంకర ఇస్తే దాని ధర లెక్క. ఒక డ్రాయింగులాయన ఊరికే ప్లాను గీసిస్తే దాని ఫీజు లెక్క. వీధిలో ముసలావిడ శనివారం వచ్చి రెండు గంటలు మొక్కలు నాటితే ఆ రెండు గంటలూ లెక్కే. గంటకి ఇంత అని నగరమే ఒక రేటు కట్టింది. పేరు, తేదీ, ఎన్ని గంటలు, సంతకం, ఒక కాగితం మీద. ఆ కాగితాలు కలిపితే అదే పేట వాటా.

అంటే ఎం.బుక్కులో లేని గడి వాళ్ళు గీశారు. నేను మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు కుర్చీలోంచి లేచాను. మా ఆవిడ కాఫీ ఒలికిందేమో అనుకుంది.

ఆ నిధితో ఇప్పటికి 5,000కు పైగా పనులు జరిగాయని ఆ నగరమే చెబుతుంది. అన్నిటిలోకి పేరుపడ్డది ఒక రాకాసి బొమ్మ. నవ్వకండి, నిజం. ఫ్రీమాంట్ అనే పేటలో పెద్ద వంతెన కింద ఒక పాడుబడిన జాగా ఉండేది. చెత్త పోసేవాళ్ళు, మత్తుమందు వాళ్ళు చేరేవాళ్ళు. ఫ్రీమాంట్ కళాకారుల సంఘం వాళ్ళు పోటీ పెట్టి, గెలిచిన నమూనాతో 1990లో అక్కడొక ట్రోల్ బొమ్మ కట్టారు. ట్రోల్ అంటే వాళ్ళ పాత కథల్లో వంతెన కింద కాపురముండే రాకాసి. 18 అడుగుల ఎత్తు, లోపల ఇనప చువ్వలు, పైన కాంక్రీటు, చేతి కింద ఒక నిజమైన కారును నలిపి పట్టుకుని ఉంటుంది. ఈ రోజు లోకంలో ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి దాని మీదెక్కి ఫోటో దిగుతారు. మన రైల్వే అండర్‌బ్రిడ్జిల కింద రాకాసి అక్కర్లేదు, గట్టి వాన పడితే నీళ్ళే కాపురముంటాయి. (నవ్వులు) ఆ బొమ్మ గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఏ ఇంజనీరూ దానికి ఎస్టిమేటు వేయడు. మన రేట్ల పుస్తకంలో రాకాసికి రేటు లేదు. పేట అడిగింది కాబట్టి వచ్చింది.

ఇక్కడ ఒక అనుమానం మీలో చాలామందికి వచ్చి ఉండాలి. నాకు మాత్రం వచ్చేలా చేసింది ఒక కూలిపని చేసే ఆవిడ. నేను సర్వీసులో ఉండగా పెన్నా ఒడ్డున ఒక పేదల కాలనీలో శ్రమదానం గురించి మీటింగ్ పెట్టాం. నేను లేచి, చెయ్యీ చెయ్యీ కలిపితే మీ వీధి మీరే బాగుచేసుకోవచ్చు అని చాలా ఊపుగా చెప్పాను. ఆవిడ వెనక నుంచి అడిగింది. "సార్, మీ కాలనీలో ఆఫీసర్లు గంటసేపు పార పట్టుకుంటే పేపర్లో ఫోటో వేస్తారు. మేం పొద్దున్నించి మాపటిదాకా పట్టుకుంటాం, మాకెప్పుడన్నా వేశారా?" నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. గుర్తుపెట్టుకునేంత మంచి జవాబు అయ్యుండదు.

ఆవిడ అడిగినదాంట్లో లెక్క ఉంది. ఒక రిటైరైన లెక్చరరుకి ఆదివారం రెండు గంటలు మొక్కలకి నీళ్ళు పోయడం ఆరోగ్యం. రోజుకూలీకి అదే రెండు గంటలు కడుపు మీద దెబ్బ. డబ్బున్న కాలనీ చెక్కు రాసిస్తుంది, లేని కాలనీ ఒళ్ళు ఇస్తుంది, రెండూ సమానం అని మనం కాగితం మీద రాసుకుంటాం. వాటా డబ్బుగానే కట్టాలంటే డబ్బున్న లేఅవుట్ కాలనీలకే నిధి అంతా పోతుంది. వాటా చెమటగా ఇవ్వొచ్చు అంటే పేదల వాడలో ఊరికే పని చేయించుకున్నట్టు అవుతుంది. ఈ చిక్కుకి అచ్చంగా సరిపోయే జవాబు నేనెక్కడా చూడలేదు. తమిళనాడువాళ్ళు కొంత ఆలోచించారు. తడ దాటితే మనకి తగిలే రాష్ట్రమే. అక్కడ 'నమక్కు నామే' అని ఒక పథకం 1990ల చివర్లో మొదలైంది, మధ్యలో పేరు మారి, 2021లో మళ్ళీ పాత పేరుతో వచ్చింది. మనకి మనమే అని అర్థం. ఊరివాళ్ళు కనీసం మూడో వంతు వేసుకుంటే మిగిలింది ప్రభుత్వం వేస్తుంది. పల్లెల్లో ఎస్సీ, ఎస్టీలు ఎక్కువగా ఉండే చోట ఆ వాటా తగ్గిస్తారు. అది ఒక దారి. నన్నడిగితే ఇంకో దారి కూడా ఉంది. పేదల వాడలో వాటా అడగొద్దు, లెక్క మాత్రం అడగండి. పని వాళ్ళచేతే చేయించండి, కూలి ఇవ్వండి, మస్టరు, అంటే హాజరు పట్టీ, వాళ్ళనే రాసుకోనివ్వండి.

రాసుకోగలరా అని మీలో ఎవరికైనా సందేహం ఉంటే నాకు కోపం వస్తుంది. ఇది నెల్లూరు జిల్లా అండీ. దూబగుంట మనదే. అక్షరదీపం వెలిగించుకుని రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్ళు 1992లో సారా వేలంపాటల్ని ఆపారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు తెలియనివాళ్ళు ఈ హాల్లో ఉండరు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందంటే మొదలు ఇక్కడే. అందరూ అంతవరకే చెబుతారు. నాకు దాని తర్వాతి కథ ఎక్కువ ఇష్టం. సారాకి పోయే డబ్బు చేతిలో మిగిలింది కదా, దాన్ని ఏం చేయాలి అని ఆ ఆడవాళ్ళే రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. దాని పేరే పొదుపులక్ష్మి. ఆ గ్రూపుల పుస్తకాలు నేను చూశాను. ఒక్కో పేరు ఎదురుగా ఒక్కో గీత, నెలాఖరున కూడిక, కింద వేలిముద్రలూ కొత్తగా నేర్చుకున్న సంతకాలూ. మా డివిజన్ ఆఫీసులో రిజిస్టర్లు అంత శుభ్రంగా ఉండేవి కావు, ఇది ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు భయం లేదు, పింఛను ఎవరూ ఆపలేరు. (నవ్వులు)

సియాటిల్ వాళ్ళ గంటల కాగితానికీ పొదుపు పుస్తకానికీ తేడా ఎంత? నాకు పెద్దగా కనపడదు. అందుకే, నిధి తెమ్మని మీరడిగినప్పుడు, పుస్తకం మన దగ్గర ముందే ఉంది కదా అనిపించింది.

సరే, పని దగ్గరికి వద్దాం. వీధివాళ్ళు చేయదగ్గ పని ఏది, చేయకూడనిది ఏది? ఇక్కడ నేను కొంచెం ఇంజనీరుగా మాట్లాడతాను, విసుగనుకోకండి.

ఒక కాలనీలో అందరూ చందాలేసుకుని సైడు కాలువ కట్టుకున్నారు. బేల్దారి మేస్త్రిని వాళ్ళే మాట్లాడుకున్నారు. పని చూస్తే ముచ్చటేసింది, గోడలు నున్నగా, పైన బండలు. నెల తర్వాత నన్ను పిలిచారు, నీళ్ళు కదలడం లేదు సార్ అని. నీటిగొట్టం పెట్టి లెవెల్ చూస్తే వాలు వెనక్కి ఉంది. ఎందుకలా అయిందంటే, ప్రతి ఇంటాయనా తన ఇంటి ముందు లోతు తక్కువ ఉండాలన్నాడు, లోతుంటే పిల్లలు పడతారని, దోమలొస్తాయని. మేస్త్రి ఎవరిని కాదంటాడు పాపం? అందరి మాటా విన్నాడు. నీళ్ళు మాత్రం ఎవరి మాటా వినలేదు.

రోడ్డు సంగతి ఇంకా ఘోరం. మనవాళ్ళు ఎప్పుడు అడిగినా మొదట సిమెంటు రోడ్డే అడుగుతారు. పాతది తవ్వి తీయకుండా దాని మీదే ఇంకోటి పోస్తారు, ఒక్కోసారి ఆరంగుళాలు లేస్తుంది. మన పాత పేటల్లో మెట్లెక్కి లోపలికి పోయిన ఇళ్ళల్లోకి ఇప్పుడు మెట్లు దిగి పోతున్నాం. 2015 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. ఎవరి ఇళ్ళల్లోకి ముందు నీళ్ళొచ్చాయి? రోడ్డు బాగుపడిన వీధుల్లో పాత ఇళ్ళవాళ్ళకి. మా పిన్నమ్మగారి ఇంట్లో ఫ్రిజ్జు తేలింది.

కాబట్టి నేను గీసే గీత ఇది. కాలువ ఊరిది. మీ వీధి నీళ్ళు పక్క వీధికి, అక్కడి నుంచి జాఫర్ సాహెబ్ కాలువకో ఉయ్యాల కాలువకో పోవాలి. అవి ఒకప్పుడు పొలాలకు నీళ్ళిచ్చిన కాలువలు, ఇప్పుడు ఊరి మురుగు మోస్తున్నాయి. ఆ లెక్క ఊరంతా చూసేవాళ్ళు వేయాలి, వీధి వేయలేదు. రోడ్డు మట్టం కూడా అంతే. పార్కు, చెట్లు, బడిగోడ, బస్సు కోసం నిలబడేచోట నీడ, బెంచీ, వీధి చివర చెత్త పోసే మూల, పిల్లల ఆటస్థలం, వృద్ధులు నడిచే బాట, ఇవి వీధివి. తప్పు చేసినా ఆ తప్పు మీ దగ్గరే ఉంటుంది, పక్కింటి ఫ్రిజ్జు తేలదు. సియాటిల్లో కూడా ఆ డబ్బుతో వచ్చినవి ఎక్కువగా ఆటస్థలాలు, పేట తోటలు, గోడ బొమ్మలు, చెట్లు. వాళ్ళు తెలివైనవాళ్ళని కాదు, ఆ సైజు డబ్బుకి అవే సరిపోతాయి.

సభలోంచి: సార్, మా పది శాతం స్థలం గురించి చెప్పండి.

అక్కడికే వస్తున్నానమ్మా. లేఅవుట్ వేసినప్పుడు పది శాతం జాగా అందరికీ వదలాలి కదా. కాగితం మీద అది పార్కు. చాలా కాలనీల్లో అది కంపచెట్లు, పాములు, కట్టుబడికి తెచ్చి మిగిలిన ఇసక, ఒక మూల ఎవరో ఒకాయన గేదె. ఇంకో మూల మెల్లగా ఒక రేకుల షెడ్డు. మీరు మొదట చేయాల్సిన పని డబ్బు అడగడం కాదు, లేఅవుట్ ప్లాను కాపీ తెచ్చుకుని హద్దులు కొలవడం. ఆ జాగా కార్పొరేషన్ పేరున గిఫ్టు డీడు, అంటే దానపత్రం, అయి ఉందో లేదో చూడండి. కాకపోతే ఎంత చక్కగా పార్కు చేసినా ఒక రోజు ఎవరో డాక్యుమెంట్లు పట్టుకుని వస్తారు.

మా కాలనీ కథ చెబుతాను. కాలనీ పేరు చెప్పను, మా సెక్రటరీ మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. మాకూ అట్టాంటి జాగా ఉండేది. ఇంటికింత అని వేసుకున్నాం, ఒక దాత కొంత ఇచ్చారు, కంప కొట్టించాం, బోరు వేశాం, మోటారు పెట్టాం, నడకబాట వేశాం. కానుగ, వేప, గన్నేరు, గట్టున నందివర్ధనం. ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఎవరి పేరు కింద అని మూడు మీటింగులు పెట్టాం. మూడు! రోజూ మోటారు ఎవరు వేస్తారు అని మాత్రం ఒక్క మీటింగూ పెట్టలేదు.

కరెంటు మీటరు కావాలి కదా. ఎవరో ఒకరి పేరున ఇవ్వాలి, ఆధార్ కావాలి, సంతకం కావాలి అన్నారు. సంఘం అప్పటికి రిజిస్టరు కాలేదు. అందరూ నా వైపు చూశారు, మీరైతే ఇంజనీరు కదా సార్ అని. పెట్టాను. మొదటి నాలుగు నెలలు సంఘమే బిల్లు కట్టింది. ఐదో నెల కోశాధికారి కూతురి పెళ్ళి పనుల్లో పడ్డాడు. వేసవిలో మోటారు వైండింగు కాలింది. బాగు చేయించడానికి చందా అడగబోతే, "పార్కుకి మేం రాం కదా" అని కొందరు, "వాకింగుకి వచ్చేవాళ్ళే వేసుకోండి" అని కొందరు. ఒకాయనైతే, శిలాఫలకం మీద పేరున్నవాళ్ళని అడగమన్నాడు. అది నాకు న్యాయమైన మాటే అనిపించింది. (నవ్వులు) స్టార్టరు పెట్టె ఒక రాత్రి పోయింది. మే నెలకి గన్నేరు తప్ప ఏమీ మిగల్లేదు. గన్నేరు ఎక్కడైనా బతుకుతుంది.

ఇప్పుడు అమెరికా నగరాల్లో ఇట్టాంటి అర్జీ ఫారం తీసుకుని చూడండి, అందులో ఒక ప్రశ్న సాధారణంగా ఉంటుంది. పని పూర్తయ్యాక దీన్ని చూసుకునేది ఎవరు? నగరం స్థలంలో కడితే ఆ స్థలం చూసే శాఖ ఒప్పుకున్నట్టు కాగితం కావాలి, నిర్వహణ ఎవరిది అని రాసి ఉండాలి. నేను ఆ ఫారం చదువుతూ ఆ గడి దగ్గర ఆగిపోయాను. మేం దాన్ని ఖాళీగా వదిలి అర్జీ పెట్టి ఉంటే మాకు పైసా వచ్చేది కాదు. రాకపోవడమే మంచిదయ్యేది, కనీసం ఆ బోరు డబ్బులు మిగిలేవి.

మన దేశంలో సంగతి కూడా రెండు ముక్కలు. పుణెలో 2006 నుంచి పౌరులు బడ్జెట్‌కి ముందే ఫారాలు నింపి తమ వీధికి ఏం కావాలో అడిగే ఏర్పాటు ఉంది. ఐదు లక్షల లోపు చిన్న పనులు. అడగడం వాళ్ళది, చేయించడం కార్పొరేషనుది. మంచిదే, అయితే చెమట లెక్క అందులో లేదు. దీనికి మూలం బ్రెజిల్లో పోర్తో అలెగ్రే అనే ఊళ్ళో 1989లో మొదలైంది, ఏ పేటకి ఏ పని అని జనమే సభల్లో తేల్చుకోవడం. కేరళవాళ్ళు 1996లో ప్రజాప్రణాళిక పెట్టి రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకే ఇచ్చారు. కాంట్రాక్టర్లు వద్దు, వాడుకునేవాళ్ళ కమిటీలే పని చేసుకోవాలి అన్నారు. ఏమైందో ఊహించగలరా? కొన్నిచోట్ల కమిటీ పేరు ముందర, కాంట్రాక్టరు వెనకాల. మనకీ తెలుసు ఆ విద్య. ప్రజల వాటా కాంట్రాక్టరే కట్టేసి, దాన్ని పని నాణ్యతలో మిగుల్చుకోవడం మన జిల్లాల్లో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. డబ్బుగా కట్టే వాటాని ఎవరైనా కట్టొచ్చు. ముప్పై మంది నాలుగు ఆదివారాలు వచ్చి సంతకం పెట్టిన గంటల్ని కాంట్రాక్టరు ఒక్కడే కట్టడం కొంచెం కష్టం. అసాధ్యం అనను, దొంగ మస్టర్లు నేనూ చూశాను. అందుకే ఆ గంటల పుస్తకం పార్కు గేటుకే వేలాడదీయమంటాను, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చూసేట్టు. నా పేరెదురుగా రాని గంటలు రాస్తే మా పక్కింటాయన ఊరుకోడు.

చట్టం సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను, టీ వచ్చినట్టుంది. పట్టణాల పాలక సంస్థల గురించి చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతుంది. నెల్లూరు ఆ లెక్కలోకి ఎప్పుడో వచ్చింది. 54 డివిజన్లు మనకి. కాబట్టి మీరు అడిగేది ఎవరి దయా కాదు. 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి, వాటిలో ఎమినిటీస్ సెక్రటరీ అని సాంకేతిక చదువు చదివిన పిల్లలే ఉన్నారు. మా రోజుల్లో ఒక ఏఈ అరడజను డివిజన్లకి స్కూటరు మీద తిరిగేవాడు. ఆ పిల్లల్ని పిలిచి లెవెల్ చూడమనండి. రెండోది, సంఘాన్ని 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసుకోండి, ఏడుగురు చాలు. ప్యాన్ తీసుకోండి, బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకం పెట్టుకోండి. ఇవన్నీ లేకుండా ఏ నగరమూ మీ చేతికి డబ్బివ్వదు, ఇవ్వకూడదు కూడా.

నిధి అడిగేటప్పుడు పెద్దది అడగకండి. లక్ష, రెండు లక్షల లోపు పనులే. పెద్ద డబ్బు వస్తే దాని వెంట పెద్ద మనుషులు వస్తారు. ఇంకోటి, ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు చూపిస్తే తర్వాత ఇస్తాం అనే షరతు ఒప్పుకోకండి. అమెరికాలోనూ చాలా నగరాలు అట్టాగే ఇస్తాయి. లేఅవుట్లవాళ్ళం మనం సర్దుకోగలం, పెన్నా ఒడ్డువాళ్ళు సర్దుకోలేరు. కనీసం సగం ముందే ఇవ్వాలి. ఏ పేటకి ఇవ్వాలో తేల్చేటప్పుడు ఆఫీసర్లతో పాటు వేరే పేటలవాళ్ళని కూర్చోబెట్టాలి. సియాటిల్లో అట్టాగే పౌరుల్ని కూర్చోబెట్టారు. సంతపేటవాళ్ళ అర్జీని వేదాయపాళెంవాళ్ళు చదివితే ఎక్కడ అబద్ధముందో వెంటనే పట్టుకుంటారు.

అడగండి, ఏమైనా అడగాలంటే.

సభలోంచి: కార్పొరేటర్లు ఒప్పుకుంటారా సార్? వాళ్ళ చేతిలోంచి పోతుంది కదా.

శిలాఫలకం వాళ్ళకే వదిలేయండి. (నవ్వులు) నిజంగానే అంటున్నాను. పేరు పైన వేయించండి, పుస్తకం మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.

సభలోంచి, ఒక మహిళ: మా గ్రూపు వాళ్ళం మా వీధి చివర చెత్తమూల ఊడ్చి ముగ్గేసి కుండీలు పెట్టాం సార్. వారానికే మళ్ళీ చెత్త పోశారు. మళ్ళీ ఊడ్చాం. ఇప్పుడు మూడోసారి. ఇదేమన్నా లెక్కలోకి వస్తుందా?

ఎన్ని గంటలు పట్టిందో రాసుకున్నారామ్మా?

మహిళ: రాశాం సార్. పొదుపు పుస్తకం వెనకవైపు.

అయితే మీరిక్కడికొచ్చి మాట్లాడాలి, నేను కింద కూర్చోవాలి. టీ తాగాక ఆ పుస్తకం నాకొకసారి చూపించండి.

సభలోంచి: సార్, ఒక్క డౌటు. మీ పార్కు మీటరు ఇప్పుడు ఎవరి పేరున ఉంది?

(కాసేపు నవ్వులు)

నా పేరునే ఉందండీ. పోయిన నెల 340 రూపాయలు వచ్చింది. మోటారు లేదు, దీపం లేదు, ఆ 340 దేనికని లైన్‌మెన్‌ని అడిగితే, మీటరు ఉంది కదా సార్ అన్నాడు. మా సెక్రటరీ గారు చెయ్యెత్తుతున్నారు, సంఘం పేరుకి మార్పిస్తాం అని చెప్పబోతున్నారు. పోయిన ఏడు కూడా చెప్పారు. చెప్పండి సార్, మైకు అటు ఇవ్వండి.